మూడడుగుల మీటరు

నేను ఒక చదరపు మీటరు చట్రాన్ని. నన్ను చేయించినవాళ్లు, మోసినవాళ్లు, విసిరినవాళ్లు అందరూ మూడేళ్ల పాటు అలాగే అనుకున్నారు. నేను మీటరుని కాదని నాకు మాత్రం పుట్టిన రోజే తెలుసు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను చెయ్యని పాపం చెబితే ఎవరికి పోతుందో తెలియదు గాని, చెప్పేస్తాను.

నేను పుట్టింది తాళ్లరేవు రోడ్డు పక్కన, మస్తాన్ వెల్డింగు షాపులో. మస్తాన్ ముప్ఫై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఇళ్లకి కిటికీ గ్రిల్లులూ గేట్లూ చేసిన మనిషి. పని గట్టిది, మాట మెత్తనిది. ఆయన లోకంలో కొలతలన్నీ అడుగులూ అంగుళాలే. చినమొగ నుంచి ధనరాజు ఫోన్ చేసి, "మీటరుకి మీటరు, నాలుగేపులా సమానంగా ఓ ఇనప చట్రం కావాలి మస్తాన్ బాయ్, మొక్కలు లెక్కెట్టడానికి" అన్నాడు. మస్తాన్ నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, "మీటరంటే మూడడుగులే కదా, రేపొచ్చి పట్టుకుపో" అన్నాడు. "అంతే, అంతే" అన్నాడు అవతల ధనరాజు. ఆ "అంతే"తోనే నా తలరాత రాసేశారు.

మీటరంటే మూడడుగుల మీద ఇంకా మూడంగుళాల పైచిలుకు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే ఎంతో, సుమారుగా అంత. కిటికీకి ఆ నాలుగు వేళ్లూ తగ్గితే కొంపలేం మునగవు, గోడకి కాస్త సిమెంటు ఎక్కువ పూస్తారు. మస్తాన్ నన్ను చిటికెనవేలి లావు చువ్వతో అతికి, మూలలు సుత్తితో సరిచేసి, బురదలో కనపడేలా పసుపు రంగు వేసి గోడకి ఆనించాడు. పక్కనే ఎవరింటికో వెళ్లాల్సిన కిటికీ ఒకటి ఆరుతోంది. సరిగ్గా నా అంతే ఉంది. అప్పుడే నాకు విషయం అర్థమైంది. నోరు లేదు గనక ఊరుకున్నాను.

చినమొగ ఉప్పుటేటి ఒడ్డున జాలర్ల ఊరు. ఊరికీ ఏటికీ మధ్య నలభై ఎకరాల చౌడు నేల ఉండేది. పెద్దవాళ్ల చిన్నతనంలో అదంతా మడ అడవట. కొంత వంటచెరకు కింద పోయింది, కొంత గేదెలు మేసేశాయి. చెట్లు పోయాక నేల మెరక వేసి పోటు నీరు లోపలికి రావడం మానేసింది. నీళ్లు ఆడని నేల మీద ఉప్పు పెచ్చుకట్టింది. ఆఖరి తుఫానుకి మాత్రం ఏరు పొంగి, ఆపేవాళ్లు లేక తిన్నగా ఊళ్లోకి వచ్చేసింది. తరవాత నన్ను విసరబోయే నూకరత్నం ఇంటి గోడ మీద నడుమెత్తున ఆ నీళ్ల గీత ఇప్పటికీ ఉందట. ఎన్నిసార్లు సున్నం వేసినా తిరిగి పైకి తేలుతుంది.

ఆ తుఫాను తరవాతే అడవిని మళ్లీ లేపే పథకం వచ్చింది. చౌడులో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో వెన్నుముల్లులాగా ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పది పిల్ల కాలువలు. పోటుకి నీళ్లు లోపలికి వచ్చి, ఆటుకి వెళ్లిపోతూ ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది. మడ విత్తనం నీళ్ల మీద తేలుతూ వచ్చి తనే అంటుకుంటుంది. రానిచోట మనుషులు నాటుతారు. వినడానికి తేలికే. కాని బురద ఊరుకోదు. ఏటేటా కాలువల్లో పూడిక తియ్యాలి. తియ్యకపోతే రెండేళ్లలో కాలువ మూసుకుపోతుంది, మొక్క నిలబడినచోటే ఎండిపోతుంది.

పథకం వాళ్లు ఒక షరతు పెట్టారు. ఏడాదికి ఒకసారి నన్ను వంద చోట్ల విసిరి, నాలో ఎన్ని మొక్కలు పడ్డాయో లెక్కపెట్టాలి. మూడో ఏటికి వంద విసుర్లలో రెండు వందల మొక్కలు తేలితే స్థలం బతికినట్టు. ఇంకో అయిదేళ్లు పూడిక తీయిస్తారు. తేలకపోతే స్థలం చచ్చినట్టు రాసేసుకుని వెళ్లిపోతారు. చినమొగకీ ఏటికీ మధ్య అడవి లేస్తుందా లేదా అన్నది నా నాలుగు చువ్వల మధ్య పడే మొక్కల మీద ఆధారపడింది. నాలుగు వేళ్లు కురచగా పుట్టినదానికి ఇంత పెద్ద బరువు పెట్టారు, చూడండి.

మొదటి ఏడు నన్ను విసిరింది ధనరాజే. ఊరి సమితికి అధ్యక్షుడు కదా, విసిరే మర్యాద తనదే అన్నాడు. పద్ధతి ఏమిటంటే, విసిరే వైపుకి వీపు పెట్టి నిలబడి, వెనక్కి చూడకుండా భుజం మీదుగా విసరాలి. ఎక్కడ పడితే అక్కడే లెక్క. ఎంత తేలిక పనో! అయినా మనుషులకి చేతకాదు. ధనరాజు చెయ్యి ఎత్తగానే తల దానంతటదే పక్కకి తిరిగేది, కళ్లు పచ్చటి జాగాని వెతికేవి. మూడు విసుర్లు చూశాక, లెక్క రాసుకుంటున్న అడవి ఆఫీసరు ప్రసూన కలం ఆపింది.

"ధనరాజు గారూ, మెడ గాని పట్టేసిందా?"

"లేదండి మేడమ్ గారు."

"మరి విసిరినప్పుడల్లా అటే తిరుగుతోందేం?"

గట్టు మీద ఆడవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లలో అందరికంటే గట్టిగా నవ్విన మనిషి ధనరాజుకి వదిన, నూకరత్నం. పీతలు పట్టడం, వలలు బాగుచెయ్యడం ఆమె పని. ప్రసూన నన్ను తీసి ఆమె చేతికి ఇచ్చింది. "మీరు విసరండమ్మా" అంది. నూకరత్నం చీర కుచ్చిళ్లు పైకి దోపి, కళ్లు మూసుకుని మరీ విసిరింది. అప్పటినుంచి నేను ఆమె చేతి వస్తువునే. ఆ ఏడు నలభై ఒకటి తేలాయి. మొదటి ఏడే కదా అని ఎవరూ బెంగ పడలేదు.

రెండో ఏడు తూర్పు మూలన పదో కాలువ దగ్గర పది విసుర్లు వేస్తే పదీ సున్నాలే. "రెండు విసుర్లు అవతలి గట్టుకి వేసుకుందాం వదినా, పుస్తకం బోడిగా ఉంది" అన్నాడు ధనరాజు. ఆమె వినలేదు. పదిసార్లూ సున్నాయే రాయించి, నన్ను భుజాన తగిలించుకుని ఆ కాలువ వెంబడి నడిచింది. పెద్ద కాలువలో కలిసేచోట ఎవరిదో చిరిగిన వల చిక్కుకుని, దానికి బురదా చెత్తా పట్టి, కాలువ నోరు పూర్తిగా పూడిపోయి ఉంది. "ఇక్కడండీ మేడమ్ గారూ, దీని గొంతు పట్టేసింది" అని కేక పెట్టింది. రెండు రోజులు పారలతో తవ్వి తట్టలతో ఎత్తిపోశారు. మూడో పొద్దున పోటు నీళ్లు ఆ కాలువలోకి గలగలా పోతుంటే నూకరత్నం మోకాళ్ల లోతులో నిలబడి చూసింది. సున్నాకి కూడా ఒక పని ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ ఏటి మొత్తం నూట నాలుగు.

ఏడాదిలో మూడు రోజులే నాకు ఉద్యోగం. మిగతా రోజులు నూకరత్నం ఇంటి చూరుకి వేలాడుతూ గడిపేదాన్ని. నా మీద సావిడాయ చేపలు ఎండాయి, తడి తువ్వాళ్లు ఆరాయి, ఒక పిల్లి తన సంసారం చక్కబెట్టుకుంది. ఆ బతుకు బాగానే ఉండేది గాని లోపల నా బాధ నాది. కొన్ని విసుర్లలో నా చువ్వకి అవతల, కాస్త దూరంలో, ఒక మొక్క నిలబడి ఉండేది. నేను సరిగ్గా పుట్టి ఉంటే నా లోపల ఉండాల్సిన మొక్క అది. నూకరత్నం వేలు దాన్ని దాటి వెళ్లిపోయేది. నా చేతులు ఇంకాస్త చాచుకోవాలనిపించేది. ఇనుము చాచుకోదు.

మూడో ఏడు వచ్చింది. ఆ ఏడు చౌడు చౌడులా లేదు. కాలువల పక్కన తెల్లమడ మోకాలెత్తు లేచింది, కొన్నిచోట్ల నడుమెత్తు. చిల్లంగి పీతలు బొరియలు చేశాయి, కొంగలు దిగాయి. లెక్క చూడకముందే ఊరంతా నెగ్గినట్టే తిరిగారు. మూడు రోజులు ఆటు వేళ చూసుకుని విసిరారు. మూడో రోజు మధ్యాహ్నం ప్రసూన కూడి చూసి, మళ్లీ కూడి, చిన్న గొంతుతో చెప్పింది.

"నూట డెబ్భై ఏడు."

ధనరాజు మొహంలో నెత్తురు లేదు. నేను బురదలో పడి ఉన్నాను. భూమిలోకి ఇంకిపోగలిగితే అప్పుడే పోయేదాన్ని.

ప్రసూన జీపు దగ్గరికి వెళ్లగానే వాడు వదిన దగ్గరికి వచ్చాడు. "పది విసుర్లు మళ్లీ యేద్దారి వదినా. అల్లదుగో, అక్కడ పచ్చగా ఉంది. ఎవరు సూడొచ్చారు?"

"నే నెయ్యను."

"ఊరందరిదీ ఓ దారి, ఉలిపికట్టెది ఓ దారి అన్నట్టుంది నీ యవ్వారం! నీ గోడ మీద గీత మర్సిపోయావా? మళ్లీ తుపానొత్తే ఆ నీళ్లెక్కడాగుతాయి?"

"నా గోడ మీది గీత నాకు తెల్దేంట్రా? రోజూ దానెదురుగానే అన్నం తింటన్నాను. అబద్ధం లెక్క రాత్తే కాలవ ఎక్కడ పూడిందో ఎలా తెలుత్తాది? కితం ఏడు సున్నా రాయబట్టే కదా ఆ మూల బతికింది. నే నెయ్యనంటే ఎయ్యను."

ధనరాజు ఆ తరవాత పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఊళ్లో కూడా చాలామంది మాట్లాడలేదు. నీళ్ల పంపు దగ్గర ఆమె బిందె పెడితే అక్కడ మాటలు ఆగిపోయేవి. ఆమె భర్త వేట నుంచి వచ్చి, సంగతి విని, "నువ్వు సేసిందే రైటు గానీ, రైటు సేసి ఏం ఒరిగింది?" అన్నాడు. చూరుకి వేలాడుతూ ఇదంతా విన్నాను. తప్పు నాది, నింద ఆమెది. నెలాఖరులోగా ప్రసూన కాగితం పైకి పంపాలి.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది. మూడో ఏడు లెక్క అయ్యాక గంగమ్మకి మీటరు ఎర్రగుడ్డ పెడతానని నూకరత్నం మొదట్లోనే మొక్కుకుంది. నెగ్గితేనే పెడతానని మాత్రం మొక్కలేదు. ఓడినా మొక్కు మొక్కే. తాళ్లరేవు వెళ్లి బట్టల కొట్లో మీటరు గుడ్డ కోయించుకొచ్చింది. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం అమ్మవారికి పెట్టే గుడ్డని ఒకసారి తడిపి, నాలుగు మూలలా పసుపు అద్ది, నేలకి తగలకుండా ఆరబెట్టాలి. ఇంట్లో నేలకి తగలకుండా ఆరబెట్టడానికి నాకంటే మంచి వస్తువు ఏముంది? నన్ను దించి, రెండు పీటల మీద అడ్డంగా పెట్టి, గుడ్డని నా మీద పరిచింది. ఈ మూల ఆ మూలకి సరిచేసింది. అవతలి చువ్వ దాటి గుడ్డ కిందికి వేలాడింది.

ఆమె గుడ్డని వెనక్కి లాగింది. ఇవతల వేలాడింది. నన్ను తిప్పి పెట్టింది. అప్పుడూ వేలాడింది. వేలాడిన ముక్క మీద చెయ్యి పెట్టి చూసింది. నాలుగు వేళ్లు.

నాకు ఊపిరి ఉంటే ఆగిపోయి ఉండేది.

నూకరత్నం చాలాసేపు చూసింది. గుడ్డ ఎక్కువ ఉందా, చట్రం తక్కువ ఉందా? చదువుకున్నవాళ్లయితే టేపు కోసం వెతుకుతారు. ఆమె మనుషుల్ని బట్టి ఆలోచించింది. తనలో తనే పైకి అనేసింది: "తడిపితే గుడ్డ కుంచించుకోవాల గానీ సాగదు. అయినా, ఏ బట్టల కొట్టోడు నాలుగు వేళ్లు ఎక్కువ కోత్తాడు?"

అంతే. పసుపు చేతులతోనే నన్ను ఎత్తి భుజాన వేసుకుని షేర్ ఆటో ఎక్కింది. ఆటోలో నా మూల ఒకాయన మోకాలికి తగిలితే ఆయన తిట్టాడు. ఆమె పట్టించుకోలేదు. బట్టల కొట్లోకి నన్ను తిన్నగా తీసుకుపోయి పట్టుచీరల పక్కన పెట్టేసరికి కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"ఏవండీ, మీ మీటరు కడ్డీ ఓపాలి ఇటివ్వండి."

"ఏమ్మా, కొలతలో తేడా వచ్చిందంటావా? మా తాతల నాటి కొట్టు. మా కొట్లో మీటరంటే మీటరే!"

"అదేనండీ నాక్కావాల్సింది" అంది నూకరత్నం.

కడ్డీని నా చువ్వ పక్కన పెట్టింది. కడ్డీ నాలుగు వేళ్లు ముందుకి పోయింది. ఆమె కొట్లోనే, గుడ్డల మధ్య, పరుపు మీద కూలబడింది. కొట్టాయన భయపడి మంచినీళ్లు తెప్పించాడు. ఆయన ఫోన్ మీంచే ప్రసూనకి చెప్పింది: "మేడమ్ గారండీ, మన చట్రం మీటరు కాదండి!"

సాయంత్రానికి ప్రసూన ఉక్కు టేపుతో చినమొగ వచ్చింది. కొలిచింది. తొంభై ఒకటిన్నర సెంటీమీటర్లు కూడా లేను. నాలుగు పక్కలా కొలిచి, నాలుగు పక్కలా ఒకే తప్పు ఉన్నందుకు మస్తాన్ పనితనాన్ని మెచ్చుకుందో ఏమో, చిన్నగా నవ్వింది. తరవాత తల పట్టుకుంది. "మూడేళ్లు. మూడేళ్లు నేనే దగ్గరుండి రాశాను. ఒక్కసారి కూడా కొలవలేదు" అంది. ఎవరూ అడగకముందే ధనరాజు, "నేను మీటరనే సెప్పానండి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. మస్తాన్‌ని ఫోన్లో అడిగితే, "ముప్ఫై ఏళ్లలో నా కిటికీ చిన్నదైందని ఒక్క మనిషి అడగలేదు మేడమ్" అని నొచ్చుకున్నాడు.

ధనరాజుకి వెంటనే ఆశ పుట్టింది. "అయితే ఆ తగ్గినదానికి లెక్కగట్టి పెంచేయండి."

"అలా కుదరదండీ. సరైన చట్రంతో మళ్లీ వంద విసుర్లు వెయ్యాలి. ఎంత వస్తే అంత రాస్తాను. అప్పుడూ తగ్గితే నేను చెయ్యగలిగింది లేదు."

నా వల్ల తగ్గిందని తేలింది గాని, నా ఒక్కదాని వల్లే తగ్గిందని తేలలేదు. మళ్లీ విసిరేదాకా రెండు రోజులు ఊళ్లో ఎవరికీ అన్నం సయించలేదు. ప్రసూన ప్లాస్టిక్ పైపులు కొని, మూడుసార్లు కొలిచి, తనే దగ్గరుండి కొత్త చట్రం చేయించింది. ధనరాజు నాలుగోసారి కొలిచాడు.

విసిరిన మూడు రోజులూ నన్ను గట్టు మీదే పెట్టారు. ఊరంతా వచ్చింది. నూకరత్నం వీపు తిప్పి, కళ్లు మూసుకుని విసిరింది. మొదటి మూడు కాలువలు బాగున్నాయి. నాలుగూ అయిదూ పలచన. ఎనిమిదో కాలువ దగ్గర వరసగా నాలుగు సున్నాలు వచ్చాయి. ధనరాజు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు గాని, పచ్చటి జాగా చూపించలేదు. తొమ్మిది కాలువలు అయ్యేసరికి నూట ఎనభై ఆరు. ఇంకా పద్నాలుగు కావాలి. మిగిలింది పదో కాలువ ఒక్కటే, కిందటేడు పది సున్నాలు పెట్టినది.

మొదటి విసురు, మూడు. రెండోది, ఒకటి. మూడోది, సున్నా. నాలుగోది పడినచోట నూకరత్నం వంగి, ఆకులు పక్కకి తీసి, "అయిదండి" అంది. ఎవరో అరవబోతే ప్రసూన చెయ్యి ఎత్తి ఆపింది. పదో విసురు అయ్యాక ఆమె బురదలో అలాగే నిలబడి కూడింది. మళ్లీ కూడింది. పుస్తకం ధనరాజుకి ఇచ్చి, "మీరూ చూడండి" అంది. వాడు వేలు పెట్టి వరస వరసా కూడుకున్నాడు.

"రెండు వందల తొమ్మిది" అంది ప్రసూన.

నూకరత్నం ఉన్నచోటే బురదలో కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. ఆడవాళ్లు వెళ్లి ఆమెను వాటేసుకున్నారు. మూడేళ్లుగా నా మీద ఉన్న బరువు ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది. ధనరాజు వదిన ఎదురుగా రెండు నిమిషాలు నిలబడ్డాడు. లుంగీ పైకి కట్టి, పార తీసుకుని, "ఎనిమిదోది సరిగ్గా పారతన్నట్టు లేదు, సూసొత్తాను" అని వెళ్లిపోయాడు. ఆమెకి ఆ మాట చాలు.

కురచ చట్రం మళ్లీ ఎవరి చేతిలోనూ పడకూడదని నన్ను పాత ఇనుము కింద రాసేయబోయింది ప్రసూన. నూకరత్నం అడ్డుపడింది. "దీన్ని పదో కాలవ కాడ ఓచోట పెట్టేద్దారండి. తీయకుండా. కదిలితే గదా పొడుగూ పొట్టీ పంచాయితీ? ఒక్కచోటే ఉంటే ఏటేటా అందులో ఏమైందో సూసుకోవచ్చు." ప్రసూన, "ఇది నాకు తట్టనే లేదు" అంది.

అలా నన్ను పదో కాలువ పక్కన బురదలో పరిచారు. ఆ రోజు నాలో తొమ్మిది మొక్కలున్నాయి. అయిదేళ్లయింది. రంగు పోయింది, తుప్పు పట్టి సగానికి సన్నబడ్డాను. రోజుకి రెండుసార్లు పోటు నా మీదుగా వెళ్లి వస్తుంది. పీతలకి నేను గట్టుని. నన్ను ఎవరూ మీటరని పిలవరు, నేను ఎంతో అంతే. చెప్పలేనంత హాయిగా ఉంది.

మొన్న లెక్కకి వదినా మరుదులు ఇద్దరే వచ్చారు. ఇద్దరికీ తల నెరిసింది. నాలో ఏటేటా మొక్కలు తగ్గుతూ వచ్చాయి. తొమ్మిది ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. ధనరాజు వంగి, నా నాలుగు చువ్వల మధ్యా వెతికి, పుస్తకం పట్టుకుని దిగులుగా నిలబడ్డాడు.

"ఈ ఏడు ఒకటే ఉంది వదినా. ఒకటే రాయాలేంటి?"

"ఒకటే రాయి" అంది నూకరత్నం. "రాసేసి, ఓపాలి పైకి సూడు."

వాడు పైకి చూశాడు. పుట్టినప్పటి నుంచి నేల వైపే చూస్తున్నదాన్ని, నేనూ చూశాను. ఆ ఒక్కదాని కొమ్మల్లోంచి ఆకాశం కనిపించలేదు.